800 మీటర్లలో మా పాప ముందొచ్చింది, కానీ లైన్ కట్ చేసిందని తీసేశారు. ఇప్పుడేం చేయాలి?

జనగామ అమ్మ

అందరికీ నమస్కారం. ఆటల సంగతి నాకు పెద్దగా తెలియదు. మిషన్ కుట్టుకుంటూ ఇల్లు నడుపుకునేదాన్ని. మా పాప తొమ్మిదో తరగతి. మొన్న స్కూల్ ఆటల పోటీల్లో 800 మీటర్లు పరిగెత్తింది. మట్టి గ్రౌండ్, సున్నంతో గీతలు. దానికి ఐదో లేన్ వచ్చింది. విజిల్ వేయగానే బాణంలా పోయింది. మొదటి మలుపు అయిపోతుండగా లోపలికి జరిగింది. రెండో రౌండ్ చివరికి వచ్చేసరికి వెనకున్న అమ్మాయి పది అడుగుల దూరంలో ఉంది. నేను కంచె దగ్గర నిలబడి అరుస్తూనే ఉన్నా.

పావుగంట తర్వాత మైకులో పేర్లు చదివితే మా పాప పేరు లేదు. అడిగితే, లేన్‌లోంచి ముందే లోపలికి వచ్చింది, డిస్‌క్వాలిఫై అన్నారు. పొద్దున్నుంచి జరిగిన రేసులతో ఆ గీత సగం చెరిగిపోయి ఉంది, నా కళ్లతో చూశా. పాప ఒక్క మాట మాట్లాడలేదు. చెస్ట్ నంబర్ పీకి బ్యాగులో కుక్కేసింది. ఇవాళ్టికి ఎనిమిది రోజులు, గ్రౌండ్ వైపే వెళ్లడం లేదు.

నా సందేహాలు ఇవి. తర్వాత అందరూ లోపలికే వచ్చారు కదా, మా పిల్లదే తప్పు ఎలా అయింది? 800 వదిలేసి 1500 పరిగెత్తించండి, అందులో లేన్ల గొడవ ఉండదు అంటున్నారు తెలిసినవాళ్లు. అది మంచిదేనా? ఇంకొకటి పాప అడగమన్నది. ఆసియా క్రీడల్లో హర్మిలన్ బైన్స్ రేసు ఫోన్‌లో పదిసార్లు చూసింది. ఆమె మన హనుమకొండలో అంతకన్నా ఫాస్ట్‌గా పరిగెత్తిందట. మరి నెమ్మదిగా పరిగెత్తిన చోట సిల్వర్ ఎలా వచ్చింది అని అడుగుతోంది. నాకు జవాబు తెలియలేదు.

టెక్నికల్ అఫీషియల్

రూల్ వరకు చెప్తాను. 800లో మొదటి మలుపు పూర్తయ్యేదాకా ఎవరి లేన్‌లో వాళ్లే ఉండాలి. మలుపు తర్వాత ట్రాక్‌కి అడ్డంగా వంపు తిరిగిన గీత ఒకటి ఉంటుంది. దాన్ని బ్రేక్ లైన్ అంటాం. సింథటిక్ ట్రాక్ మీద ఆకుపచ్చ రంగులో ఉంటుంది, కనపడటానికి లేన్ గీతల మీద చిన్న కోన్లు కూడా పెడతారు. ఆ గీత దాటాక ఎవరైనా లోపలికి రావచ్చు. మిగతావాళ్లు దాటాక వచ్చారు, మీ అమ్మాయి దాటకముందే వచ్చింది. తేడా అదొక్కటే.

గీత చెరిగిపోయిందన్నది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఫలితం ప్రకటించిన 30 నిమిషాల లోపు రెఫరీకి చెప్పాలి. ఎనిమిది రోజుల తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ఇకపై రేసుకు ముందే పాపతో పాటు ట్రాక్ చుట్టూ ఒకసారి నడవండి. గీత కనపడకపోతే అప్పుడే అడిగి వేయించుకోండి. కోన్లు లేకపోతే పెట్టమనండి. అడిగే హక్కు మీకుంది.

హనుమకొండ పీఈటీ

చెల్లెమ్మా, నీ పోస్టు రాత్రి చదివాను. చెస్ట్ నంబర్ బ్యాగులో కుక్కేసింది అన్న దగ్గర ఆగిపోయాను. నేను పీఈటీగా చేసి రిటైరయ్యాను. కాలేజీ రోజుల్లో నా ఈవెంట్ 800 మీటర్లే. కొంచెం పొడుగ్గా రాస్తాను, పాపకు చదివి వినిపించు.

1986లో సియోల్ ఆసియా క్రీడలు. 800 మీటర్ల ఫైనల్. కేరళ నుంచి వచ్చిన షైనీ అబ్రహాం అందరికన్నా ముందుంది. ఆమె కొత్త పిల్ల కాదు. రెండేళ్ల కిందటే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఇదే 800లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. మన దేశం నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి మహిళా రన్నర్ ఆమే. అలాంటి షైనీని సియోల్‌లో డిస్‌క్వాలిఫై చేశారు. ఎందుకో తెలుసా? లేన్‌లోంచి ముందే లోపలికి వచ్చినందుకు. అచ్చం మీ పాప చేసిన తప్పే. గోల్డ్ దక్షిణ కొరియా అమ్మాయి లిమ్ చున్-ఏకి వెళ్లింది. ఆ పిల్లకు అప్పటికి 17 ఏళ్లు. ఆ క్రీడల్లోనే 1500, 3000 కూడా గెలిచింది.

అదే సియోల్‌లో షైనీ 400 మీటర్లలో పి.టి. ఉష వెనక సిల్వర్ తెచ్చుకుంది. ఉష, వల్సమ్మ, వందనా రావులతో కలిసి రిలేలో గోల్డ్ గెలిచింది. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో మన జెండా పట్టుకుని నడిచింది. ఆడవాళ్లలో ఆ పని చేసిన మొదటి మనిషి ఆమే. 1995లో చెన్నైలో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో 800 మీటర్లు 1 నిమిషం 59.85 సెకన్లలో పరిగెత్తింది. రెండు నిమిషాల లోపు వచ్చిన మొదటి భారతీయురాలు కూడా ఆమే. సియోల్ తర్వాత తొమ్మిదేళ్లకు, అదే 800లో.

ఇక తప్పు ఎందుకు జరుగుతుందో చెప్తా. మలుపు తిరిగాక ముందు ఎదురు స్ట్రెయిట్ కనపడగానే లోపలి లేన్ పిలుస్తున్నట్టు ఉంటుంది. ఎంత త్వరగా లోపలికి పోతే అంత లాభం అనుకుంటారు పిల్లలు. అది నిజం కాదు. లెక్క చూడు. ఒక లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఎనిమిదో లేన్‌లో ఉన్న పిల్ల మొదటి లేన్‌కి రావాలంటే పక్కకు ఎనిమిదిన్నర మీటర్లు జరగాలి. ఆ జరగడం 84 మీటర్ల స్ట్రెయిట్ పొడుగునా ఏటవాలుగా చేస్తే అదనంగా పరిగెత్తేది అర మీటరు కూడా ఉండదు. గీత దాటగానే 20 మీటర్లలో గబుక్కున దూరితే దాదాపు 1.75 మీటర్లు ఎక్కువ పడుతుంది. పైగా పక్కవాళ్లను తగిలి పడిపోయే ప్రమాదం. నువ్వు జాకెట్లకు క్రాస్ కటింగ్ చేస్తావు కదా, ఆ ఏటవాలు గీతే ఇది. బ్రేక్ లైన్ దాటాక, దూరంగా రెండో మలుపు మొదలయ్యే చోట లోపలి మూల మీద చూపు పెట్టి, ఆ మూలకు నేరుగా పొమ్మను. ఇలా నేర్చుకున్న పిల్లకు గీత ముందు తొందర పుట్టదు. తొందర లేకపోతే ఫౌల్ ఉండదు.

1500 గురించి. లేన్ల భయంతో 1500కి మార్చడం నాకు నచ్చలేదు. నిజమే, అక్కడ లేన్లు లేవు, వంపు గీత మీద అందరూ పక్కపక్కన నిలబడి బయల్దేరతారు. కానీ తోపులాట అక్కడే ఎక్కువ. మోచేతులు తగులుతాయి, స్పైక్స్ కాళ్లకు గీసుకుంటాయి, లోపల ఇరుక్కుంటే బయటికి దారి దొరకదు. పాపకు ఊపిరి ఎక్కువ, వేగం కొంచెం తక్కువ అయితే 1500. రెండూ ఉంటే రెండూ పరిగెత్తనీ. తొమ్మిదో తరగతిలోనే ఒకటి ఎంచుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు పాప అడిగిన ప్రశ్న. ఈ ప్రశ్న అడిగిందంటే ఆ పిల్లకు పరుగు మీద నిజమైన ధ్యాస ఉంది.

2021 సెప్టెంబర్ 16న నేను హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం గ్యాలరీలో ఉన్నాను. నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్. కొత్తగా వేసిన సింథటిక్ ట్రాక్. మేం పరిగెత్తిన రోజుల్లో ఆ ట్రాక్ ఉంటే ఎలా ఉండేదో అనుకుంటూ కూర్చున్నా. 1500లో ఆ పొడుగాటి పంజాబ్ పిల్ల హర్మిలన్ చివరి లాప్ గంట కొట్టేసరికే ఒంటరి. పక్కన ఎవరూ లేరు, పోటీ అంతా గడియారంతోనే. 4 నిమిషాల 5.39 సెకన్లు. జాతీయ రికార్డ్. అప్పటిదాకా ఉన్న రికార్డ్ సునీతా రాణిది, 4 నిమిషాల 6.03 సెకన్లు, 2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో చేసింది. సునీత పడిన కష్టం కూడా పాపకు చెప్పు. డోపింగ్ అని మెడల్స్ లాక్కున్నారు, తర్వాత పరీక్షలోనే లోపాలు ఉన్నాయని తేలి తిరిగి ఇచ్చారు.

అదే బుసాన్‌లో 800 మీటర్లలో బీనామోల్ గోల్డ్ గెలిస్తే, సిల్వర్ గెలిచింది మాధురీ సక్సేనా. ఆమె హర్మిలన్ వాళ్లమ్మ. అప్పటికి హర్మిలన్‌కు నాలుగేళ్లు. అమ్మ మెడల్ గెలిచిన క్రీడల్లో పుట్టిన రికార్డును 19 ఏళ్ల తర్వాత కూతురు మన ఊళ్లో దాటేసింది. ఆ సాయంత్రం ఈ లెక్క నాకు తట్టలేదు, ఇంటికి పోయాక గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

తర్వాత మోకాలి దెబ్బ, ఆపరేషన్. 2023 అక్టోబర్ 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 1500 ఫైనల్. 4 నిమిషాల 12.74 సెకన్లు. హనుమకొండ కన్నా ఏడు సెకన్లకు పైగా ఎక్కువే. కానీ ఎవరితో పరిగెత్తిందో చూడు. ముందున్నది బహ్రెయిన్ తరఫున పరిగెత్తే విన్‌ఫ్రెడ్ యావీ, అంతకు నెల ముందే స్టీపుల్‌చేజ్‌లో, అంటే అడ్డుదూలాలు, నీళ్ల గుంత దాటుతూ పరిగెత్తే రేసులో, ప్రపంచ చాంపియన్ అయిన మనిషి. ఆమె టైమ్ కూడా 4 నిమిషాల 11.65 సెకన్లే. అంటే గెలిచినావిడ కూడా హనుమకొండ టైమ్ కన్నా ఆరు సెకన్లు నెమ్మది.

మెడల్ రేసులో గడియారానికి మెడల్ ఇవ్వరు, ఎన్నో స్థానం అన్నదానికే ఇస్తారు. ముందు పరిగెత్తేవాళ్లకు గాలి తగులుతుంది, వెనకున్నవాళ్లు వాళ్ల అడుగులు చూస్తూ శక్తి దాచుకుంటారు. అందుకే ఎవరూ ముందుకు రారు, అందరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ చివరి లాప్ దాకా ఆగుతారు. హనుమకొండలో మొదటి నుంచి చివరిదాకా ఒకే ఒత్తిడి, లాప్‌కి సగటున 65 సెకన్ల చిల్లర. హాంగ్‌ఝౌలో సగటు 67 పైచిలుకు. ఆ సగటులో అసలు సంగతి కనపడదు, ఎప్పుడు కదలాలో తెలియడమే అసలు సంగతి. అన్ని ఫైనల్సూ ఇలాగే ఉంటాయని కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్ 1500లో ఫెయిత్ కిప్యెగాన్ 3 నిమిషాల 51.29 సెకన్లతో ఒలింపిక్ రికార్డ్ చేసి మరీ గెలిచింది, వరసగా మూడో ఒలింపిక్ గోల్డ్. ఎలాంటి రేసు వచ్చినా సిద్ధంగా ఉండాలి. 800, 1500లో నాకు ఇష్టమైంది అదే.

జనగామ అమ్మ

అక్కా, మీరు రాసింది పాపకు రెండుసార్లు చదివాను. షైనీ గారి దగ్గర ఆపి మళ్లీ చదవమంది. ఏమీ అనలేదు కానీ అన్నం తిన్నాక ఫోన్ తీసుకుని 1986 అని వెతుక్కుంది.

ఇంకో ఇబ్బంది ఉంది, మీతో చెప్పుకోవచ్చనిపిస్తోంది. మా అత్తమ్మ, ఆడపిల్ల అంతసేపు ఊపిరి బిగబట్టి పరిగెత్తితే కడుపు పాడవుతుంది, ఇంక చాలు, దేవుడే ఆపాడు అంటోంది. పాపకు ఆ మాట వినపడింది. ఇంకా, పాప ఎప్పుడూ మొదటి రౌండ్ బాగా లాగేస్తుంది, రెండో రౌండ్ చివర్లో కాళ్లు బరువెక్కుతాయి అంటుంది. మొన్న గెలిచింది కానీ చివరి 50 మీటర్లు చూస్తే నాకే భయమేసింది.

హనుమకొండ పీఈటీ

అత్తమ్మగారి మాట కొత్తది కాదు చెల్లీ. ఒకప్పుడు ఒలింపిక్స్ నడిపేవాళ్లే ఆ మాట అన్నారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడవాళ్లకు మొదటిసారి 800 పెట్టారు. జర్మనీ అమ్మాయి లీనా రాట్కే 2 నిమిషాల 16.8 సెకన్లతో ప్రపంచ రికార్డ్ చేసి గెలిచింది. రెండో స్థానం జపాన్ అమ్మాయి హితోమి కినుయేది, ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి ఆసియా మహిళ. రేసు అయ్యాక అలసిపోయి కొందరు గడ్డిమీద కూర్చుంటే, అందరూ కుప్పకూలిపోయారని పత్రికలు రాశాయి. మగవాళ్లు కూడా రేసు అయ్యాక పడుకుంటారు, అది ఎవరికీ తప్పనిపించలేదు. ఆ రాతల వల్ల ఆడవాళ్ల 800ని ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోమ్‌లో. 32 ఏళ్లు! 1500 అయితే 1972 దాకా లేనే లేదు. ఈ మాట అత్తమ్మగారికి కోపంగా కాకుండా నెమ్మదిగా చెప్పు. హర్మిలన్ వాళ్లమ్మ కడుపుతో ఉండి కూడా ఉద్యోగం కోసం 1500 మీటర్ల ట్రయల్ పరిగెత్తిందట. అలా పరిగెత్తాల్సిన అవసరం రావడం బాధాకరం, ఎవరికీ రాకూడదు. కానీ ఆ కడుపులో ఉన్న పిల్లే హర్మిలన్.

ఇక మొదటి రౌండ్ లాగేయడం. ఇది నా సొంత గాయం. యూనివర్సిటీ మీట్లో ఒక ఫైనల్లో మొదటి 400 నా మామూలు టైమ్ కన్నా నాలుగు సెకన్లు ముందు పరిగెత్తాను. గ్యాలరీలో మా హాస్టల్ పిల్లలంతా నా పేరు అరుస్తున్నారు. 600 దగ్గర కూడా నేనే ముందు. చివరి స్ట్రెయిట్లో తొడలు రాళ్లయ్యాయి, నాలుగో స్థానం. ఆ 60 మీటర్లు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

టింటూ లూకా రేసులు చూపించు పాపకు. ఉష గారి దగ్గర తయారైన అమ్మాయి. ముందుండి నడిపించే పరుగు ఆమెది. 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 800లో చివరిదాకా లాగి, ఆఖర్న ఇద్దరు దాటేస్తే బ్రాంజ్ వచ్చింది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో కజకిస్తాన్ అమ్మాయి మార్గరీటా ముకషేవా 1 నిమిషం 59.02, టింటూ 1 నిమిషం 59.19. తేడా 0.17 సెకను, ఒక్క అడుగు. అంత ధైర్యంగా పరిగెత్తే వాళ్లంటే నాకు ప్రాణం, కానీ పిల్లలకు నేర్పేటప్పుడు శక్తి పంచుకోవడమే నేర్పుతాను.

హాంగ్‌ఝౌలో హర్మిలన్ 800 ఫైనల్ కూడా పరిగెత్తింది, అక్టోబర్ 4న. గోల్డ్ శ్రీలంక పిల్ల తరుషి కరుణరత్నకు, 2 నిమిషాల 3.20. ఆ పిల్లకు ఇంకా 19 నిండలేదు. హర్మిలన్ 2 నిమిషాల 3.75, చైనా అమ్మాయి వాంగ్ చున్యూ 2 నిమిషాల 3.90. ముగ్గురూ 0.70 సెకన్లలో. ఆ వేగంతో 0.55 సెకన్లంటే సుమారు మూడున్నర మీటర్లు. ఒక మలుపు పూర్తిగా రెండో లేన్‌లో పరిగెత్తితే పోయే దూరం ఎంతో తెలుసా? 3.8 మీటర్లు. ఒక్క మలుపు! అందుకే మలుపులో ఎవరినీ దాటొద్దని, స్ట్రెయిట్లో దాటమని చెప్తాం.

పాపకు వారంలో ఒకరోజు ఈ పని చేయించు. 200 మీటర్లకు ఒక గుర్తు పెట్టి, ప్రతి 200కీ టైమ్ గట్టిగా చెప్పు. మొదటి 400 కన్నా రెండో 400 రెండు మూడు సెకన్లు మాత్రమే ఎక్కువ పట్టేలా రావాలి. నీ ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. కాళ్లు బరువెక్కే చోటు ముందు ఎక్కడ వస్తోంది, నెల తర్వాత ఎక్కడ వస్తోంది, ఒక నోటుబుక్కులో రాసుకోమను. అది 700 నుంచి 750కి జరిగిందని కళ్లకు కనపడితే భయం దానంతట అదే తగ్గుతుంది.

సికింద్రాబాద్ నుంచి

అక్కా, ఒక మాట కలుపుతా. హర్మిలన్ 1500 సిల్వర్ గెలిచిన సాయంత్రమే మన నందిని అగసర హెప్టాథ్లాన్‌లో బ్రాంజ్ గెలిచింది, మన జ్యోతి యర్రాజీ హర్డిల్స్‌లో సిల్వర్ గెలిచింది. ఆ రోజు మా ఇంట్లో టీవీ ఆపలేదు. హెప్టాథ్లాన్‌లో ఏడో ఈవెంట్, ఆఖరిది, 800 మీటర్లే. రెండు రోజులు హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్ అన్నీ అయ్యాక అలసిన కాళ్లతో పరిగెత్తాలి. నందినికి 5712 పాయింట్లు, నాలుగో స్థానంలో వచ్చిన 2018 ఆసియా క్రీడల చాంపియన్ స్వప్నా బర్మన్‌కు 5708. నాలుగు పాయింట్ల తేడా. ఆ వేగం దగ్గర 800లో ఒక సెకనుకు 14 పాయింట్ల దాకా వస్తాయి. అంటే నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా కాదు. చాయ్ అమ్మే నాన్న కూతురు ఆ 800 పరిగెత్తి మెడల్ తెచ్చింది. మీ పాపకు తప్పకుండా చెప్పండి.

జనగామ అమ్మ

చెప్పాను అన్నా. నందిని మన తెలంగాణ అక్క అని తెలిసి చాలా సంతోషపడింది.

నిన్న సాయంత్రం పాప తనే బ్యాగు తెరిచింది. చెస్ట్ నంబర్ తీసి మడతలు సాపు చేసి పుస్తకంలో పెట్టుకుంది. పిన్నులు పెట్టిన చోట చిరిగిందని నన్ను కుట్టివ్వమంది, కుట్టిచ్చాను. అత్తమ్మతో 1928 సంగతి నేను చెప్పలేదు, పాపే చెప్పింది. ముసలావిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ జపాన్ పిల్లకు పెళ్లయిందా అని అడిగింది.

రేపు పొద్దున ఐదున్నరకు గ్రౌండ్‌కి వెళ్తున్నాం. రెండు కిలోల సున్నం కొన్నాను, చిన్న డబ్బాకు కింద రంధ్రాలు పెట్టాను. మలుపు అయ్యాక ఆ వంపు గీత మేమే వేసుకుంటాం. అక్కా, ఆ గీత ఐదో లేన్‌లో ఎక్కడ పడాలి, మొదటి లేన్‌లో ఎక్కడ పడాలి, కొలత కొంచెం చెప్తారా? టేపు నా దగ్గర ఉంది.